ఎఫ్‌జీడీ అక్కర్లేదన్నారు కదా, మరి హైదరాబాద్‌లో కరెంటు బిల్లు తగ్గుతుందా?

మూసాపేట మీటరు | సోమవారం, రాత్రి 9:18

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన చాంతాడంత మెసేజ్ పెట్టాడు. బొగ్గుతో నడిచే థర్మల్ ప్లాంట్లకు ఎఫ్‌జీడీ (పొగలోంచి సల్ఫర్ తీసే యంత్రం) పెట్టాలన్న రూలును కేంద్రం 2025 జూలైలో చాలావాటికి ఎత్తేసిందట. యూనిట్‌కు 25-30 పైసలు మిగులుతాయట. ఇన్నాళ్లూ పర్యావరణం పేరు చెప్పి మన జేబుకు చిల్లు పెట్టారట. యాదాద్రి ప్లాంటు ఆలస్యానికి కూడా గ్రీన్ ట్రిబ్యునలే కారణమని తేల్చేశాడు.

ఇందులో నిజమెంత? మనకు సింగరేణి ఉంది, ఎండ ఉంది, కృష్ణా గోదావరి ఉన్నాయి. ఇన్ని ఉండి కూడా ఎండలు ముదరగానే బయట కొనుక్కోవాల్సిన గతి ఎందుకు? రూల్స్ వల్లేనా? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు ప్లీజ్.

విద్యుత్‌సౌధ రిటైర్డ్ | సోమవారం, రాత్రి 10:05

జెన్‌కోలో, అంటే రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థలో, ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసింది రాస్తాను.

మొదటి సంగతి: ఎఫ్‌జీడీ పెట్టని ప్లాంటుకు సంబంధించి దాని ఖర్చు మీ బిల్లులో పడనే లేదు. పడని ఖర్చును తీసేస్తే తగ్గేదేముంది? రేపు పెరగాల్సింది పెరగకపోవచ్చు, అంతే. మీ వాట్సాప్ ఆయన అక్కడే బోల్తా పడ్డాడు.

ఇక కథ. 2015 డిసెంబర్ 7న కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ ప్లాంట్లకు కొత్త ప్రమాణాలు పెట్టింది. పొగలో దుమ్ము, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, పాదరసం, వాడే నీరు... అన్నిటికీ హద్దులు. సల్ఫర్ తగ్గించడానికి పొగను సున్నపురాయి నీళ్లతో కడిగే ఏర్పాటే ఎఫ్‌జీడీ. మెగావాటుకు కోటి రూపాయలకు పైనే. మొదట 2017 కల్లా పెట్టాలన్నారు, తర్వాత 2022 అన్నారు, ఆ తర్వాత ప్లాంట్లను ఉన్న చోటును బట్టి ఏ, బీ, సీ అని విడగొట్టి గడువు జరుపుతూ పోయారు. చివరికి 2025 జూలై 11న సీ కేటగిరీకి, అంటే దేశంలో 78 శాతం యూనిట్లకు, చిమ్నీ ఎత్తు సరిగ్గా ఉంటే చాలు పొమ్మన్నారు.

నన్నడిగితే అది తప్పుడు నిర్ణయం కాదు. మన సింగరేణి బొగ్గులో గంధకం అర శాతం అటూ ఇటూ. బూడిద మాత్రం 35-40 శాతం. నా సర్వీసంతా బూడిదతో కుస్తీకే సరిపోయింది. పొగలోని బూడిదను కరెంటుతో పట్టే యంత్రం ఈఎస్పీ. దాని ఫీల్డులు సరిగ్గా చార్జ్ అయి ఉంటే పొగ కళ్లకు కనబడదు. రెండు ఫీల్డులు ట్రిప్పయితే చుట్టుపక్కల ఊళ్లన్నీ తిట్టుకుంటాయి. డబ్బుంటే దాని మీద పెట్టండి.

సూటిమాట | సోమవారం, రాత్రి 10:22

అంటే రూలే అనవసరం అని మీరే ఒప్పుకున్నట్టు. మెసేజ్ పెట్టినాయన చెప్పిందీ అదే కదా సార్?

విద్యుత్‌సౌధ రిటైర్డ్ | సోమవారం, రాత్రి 10:31

ఒక రూలు గురించి అన్నాను. అన్ని రూల్స్ గురించీ అన్నట్టు చదవకండి.

గ్రీన్‌బెంచ్ వకీలు | సోమవారం, రాత్రి 11:47

యాదాద్రి మాట వచ్చింది కాబట్టి ఫైలు క్రమం చెబుతాను.

నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెం. ఒక్కోటి 800 చొప్పున ఐదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. నాలుగు వేల ఎకరాలకు పైగా అటవీ భూమి మళ్లించారు. పర్యావరణ అనుమతి 2017లో వచ్చింది. 2022లో గ్రీన్ ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఆ అనుమతిని పక్కనపెట్టి, అదనపు అధ్యయనం చేయించి మళ్లీ పరిశీలించమంది. అప్పటికి పనులు ఐదేళ్లుగా నడుస్తున్నాయి. మధ్యలో కరోనా ఉంది, అప్పుల సమస్య ఉంది. ఇవన్నీ వదిలేసి ట్రిబ్యునల్ ఒక్కటే ఆపిందంటే ఎలా?

భద్రాద్రి ఇంకా చక్కటి ఉదాహరణ. మణుగూరులో నాలుగు 270 మెగావాట్ల యూనిట్లు, 1,080 మెగావాట్లు. అక్కడ అనుమతి రాకముందే పనులు మొదలెట్టారు. 2015లో ఎన్‌జీటీ ఆపమంది. అనుమతి వచ్చింది 2017 మార్చిలో. తొందరపడి ఒక మెట్టు దాటేస్తే ఏడాదికి పైగా పోయింది. ఆ మెట్టు ఎక్కి ఉంటే అంత పోయేది కాదేమో. దాన్ని రూలు ఖాతాలో రాయాలా, తొందర ఖాతాలో రాయాలా?

'ముందు కట్టేయ్, తర్వాత అనుమతి తెచ్చుకో' అనే పద్ధతి చెల్లదని 2025 మే 16న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నవంబర్‌లో అదే కోర్టు 2-1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. కాబట్టి ఆ పద్ధతికి నూకలు చెల్లలేదు.

సూటిమాట | మంగళవారం, ఉదయం 7:10

వకీలు గారూ, 2014 సంగతి మీరు మర్చిపోయినట్టున్నారు. జీడిమెట్లలో మా బాబాయి షెడ్డుకు వారంలో ఇన్ని రోజులు పవర్ హాలిడే అని నోటీసు వచ్చేది. జనరేటర్ డీజిల్‌కే లాభం సరిపోయేది. అప్పుడు ఎవరైనా ఫైలు కదిలేదాకా ఆగుదాం అంటే తన్నేవాళ్లు. తొందరపడ్డారంటే పడ్డారు మరి.

విద్యుత్‌సౌధ రిటైర్డ్ | మంగళవారం, ఉదయం 8:02

సూటిమాట గారితో ఇక్కడ ఏకీభవిస్తాను. విభజనలో కరెంటు వాటా 53.89 శాతం మనకిచ్చారు, కానీ కట్టిన ప్లాంట్లలో ఎక్కువ అటువైపు ఉన్నాయి. ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు పోయాయి, వాటితో 460 మెగావాట్ల దిగువ సీలేరూ పోయింది. అది జలవిద్యుత్తు, బొగ్గు ఖర్చు లేనిది. ఎన్టీపీసీ 4,000 మెగావాట్లు కట్టిస్తుందని చట్టంలో రాశారు. ఇప్పటికి రామగుండంలో వచ్చింది 1,600.

అయితే భద్రాద్రిలో నన్ను బాధపెట్టేది తొందర కాదు, టెక్నాలజీ. మహారాష్ట్రలో వేరే ప్లాంటు కోసం బీహెచ్ఈఎల్ చేసిపెట్టిన సబ్‌క్రిటికల్ (పాత తరం, తక్కువ ఒత్తిడి ఆవిరితో నడిచే) పరికరాలు తెచ్చి బిగించారు. అదే బొగ్గుతో సూపర్ క్రిటికల్ యూనిట్ ఎక్కువ కరెంటు ఇస్తుంది. అలాంటి యూనిట్ ఒకసారి పెట్టాక పాతికేళ్లకు పైగా మోయాలి. 2020లో నడవడం మొదలైన ప్లాంటు పుట్టుకతోనే పాతది!

మోడరేటర్ | మంగళవారం, ఉదయం 9:30

పార్టీల పేర్లతో, విచారణ కమిషన్ గురించి వెక్కిరింపులతో ఉన్న రెండు పోస్టులు తీసేశాం. థ్రెడ్ బాగా నడుస్తోంది, చెడగొట్టకండి.

బూడిద చెరువు | మంగళవారం, ఉదయం 10:14

నేను ఎల్బీనగర్‌లో ఉంటాను. సొంతూరు ఒక థర్మల్ ప్లాంటు పక్కన. ఏ ప్లాంటో చెప్పను, ఇంకా మావాళ్లు అక్కడ కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు.

ఇంజినీరు గారు ఈఎస్పీ ఫీల్డులు ట్రిప్పవడం అన్నారు కదా, దాన్ని కింద నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెబుతా. పొద్దున లేచి అరుగు మీద వేలితో గీస్తే గీత పడుతుంది. మా అమ్మ దండెం మీది బట్టలు దులిపిన తర్వాతే మడతపెడుతుంది. పత్తి తీసే రోజుల్లో గూడ మీద బూడిద ఉంటే వ్యాపారి క్వింటాలుకు రేటు కోసేస్తాడు. అదేమని అడిగితే 'మీ ఊరి పత్తి అంతే' అంటాడు. వానాకాలం బూడిద చెరువు కట్ట జారితే వాగు తెల్లగా పారుతుంది. బర్రెలు ఆ నీళ్లు మూతి పెట్టి వదిలేస్తాయి.

విస్తరణ కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. పెద్ద షామియానా, కూలర్లు, మజ్జిగ ప్యాకెట్లు. ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టు వందల పేజీలు, ఇంగ్లీషులో. తెలుగులో ఇచ్చింది పల్చటి సారాంశం. 'బూడిదను వంద శాతం వినియోగిస్తాం' అని అందులో ఉంది. నేను లేచి, ఇప్పుడున్న బూడిద ఎంత, అందులో ఎంత వాడారు అని అడిగాను. 'మీ ప్రశ్న నమోదు చేసుకున్నాం' అన్నారు. తర్వాతి వ్యక్తి ఉద్యోగాలు అడిగాడు, చప్పట్లు పడ్డాయి. నేను తప్పుపట్టను, ఉద్యోగం అడగడం న్యాయమే.

రూల్స్ వల్ల హైదరాబాద్ వాళ్ల జేబుకు చిల్లు పడిందని చదివితే నవ్వొచ్చింది.

లెక్కల పంతులు | మంగళవారం, మధ్యాహ్నం 1:25

బూడిద చెరువు గారి ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి కాగితం మీద నేను వేసి చూశాను. ఇది నా అంచనా, అధికారిక లెక్క కాదు.

4,000 మెగావాట్ల ప్లాంటు 85 శాతం లోడ్ మీద రోజంతా నడిస్తే 8.16 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 650 గ్రాముల బొగ్గు అనుకుంటే రోజుకు 53 వేల టన్నులు. అందులో 38 శాతం బూడిద అంటే 20 వేల టన్నులు. 30 టన్నులు మోసే లారీలైతే 670 లారీలు. రోజూ! ఆదివారం, పండగ లేదు.

2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్ ప్రకారం ఈ బూడిదంతా మూడు నుంచి ఐదేళ్ల చక్రంలో వంద శాతం వాడేయాలి. వాడకపోతే టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం కట్టాలి. పై లెక్కలో ఏమీ వాడలేదనుకుంటే రోజుకు 2 కోట్లు. ఇది పళ్లున్న రూలు. కరుస్తుందా లేదా అన్నది కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) చేతిలో ఉంది.

ఇప్పుడు వాట్సాప్ ఆయన 25-30 పైసల సంగతికి వద్దాం. అసలు తమాషా ఇక్కడుంది. 2010లో బొగ్గు మీద 'క్లీన్ ఎనర్జీ సెస్' అని టన్నుకు 50 రూపాయలు పెట్టారు. 2014లో 100, 2015లో 200, 2016లో 400. బొగ్గు మీద వసూలు చేసి స్వచ్ఛమైన విద్యుత్తుకు ఖర్చు పెడతామన్నారు. 2017లో జీఎస్టీ రాగానే ఆ 400 అలాగే ఉంచి, పేరు మార్చి, రాష్ట్రాలకు జీఎస్టీ పరిహారంగా మళ్లించారు.

టన్నుకు 400 అంటే కిలోకు 40 పైసలు. యూనిట్‌కు 650 గ్రాములు. గుణిస్తే 26 పైసలు.

చూశారా? ఎఫ్‌జీడీ పెడితే జనం మోయలేరన్న మొత్తం ఎంతో, పొగ పేరు చెప్పి 2016 నుంచి వసూలు చేసిందీ ఇంచుమించు అంతే. డబ్బు మనం కట్టాం. యంత్రం రాలేదు.

మూసాపేట మీటరు | మంగళవారం, మధ్యాహ్నం 1:40

పంతులు గారూ, ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూపులో వేస్తున్నా. అభ్యంతరం లేదు కదా?

లెక్కల పంతులు | మంగళవారం, మధ్యాహ్నం 1:52

వేసుకోండి. కింద ఎవరైనా కరెక్షన్ పెడితే అదీ వేయండి.

సూటిమాట | మంగళవారం, మధ్యాహ్నం 2:15

కరెక్షన్ నేనే పెడతా. ఆ సెస్ 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు.

లెక్కల పంతులు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

నిజమే, లేదు. అదే రోజు బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. 13 శాతం తేడా 400 రూపాయలకు సమానం కావాలంటే టన్ను ధర 3,077 ఉండాలి. అంతకంటే తక్కువ ధర బొగ్గుకు పన్ను తగ్గినట్టు, ఎక్కువ ధర బొగ్గుకు పెరిగినట్టు. సింగరేణి బొగ్గు కోల్ ఇండియా బొగ్గు కంటే ఖరీదన్నది విద్యుత్ శాఖలో అందరూ అనే మాటే. మన ప్లాంట్లు ఏ వైపు పడతాయో మీరే చూసుకోండి.

బొగ్గుబాయి బిడ్డ | మంగళవారం, రాత్రి 8:33

సింగరేణి ఎందుకు ఖరీదో చెప్పకుండా ఖరీదు అంటే మాకు నొప్పిగా ఉంటుందన్నా.

మా నాయిన అండర్‌గ్రౌండ్‌లో కోల్ కట్టర్. మూడు షిఫ్టులు, నెత్తి మీద లైటు, చేతిలో తట్టా చెమ్మస్. అప్పట్లో బాయి పని అంటే భూమి లోపలే. 1871లో ఇల్లందు దగ్గర జియలాజికల్ సర్వే డాక్టర్ కింగ్ బొగ్గు కనిపెట్టిన నాటి నుంచి చాలాకాలం అదే పద్ధతి. ఇప్పుడు ఉత్పత్తిలో చాలా భాగం ఓపెన్‌కాస్టే. 2023-24లో 70 మిలియన్ టన్నులు దాటింది కంపెనీ. ఆ బొగ్గు కోసం టన్నుకు ఆరు ఘనపు మీటర్ల దాకా మట్టి తవ్వి పక్కన పోయాలి. ఆ ఓబీ (పైమట్టి) గుట్టలు మంచిర్యాల నుంచి భూపాలపల్లి దాకా ఎక్కడ చూసినా కనబడతాయి. రైలులో కాజీపేట దాటి పోయేవాళ్లు అవి సహజమైన కొండలనుకుంటారు.

సీమ్‌లు, అంటే బొగ్గు పొరలు, లోతుకు పోతున్నాయి, అందుకే ఖర్చు. అటవీ భూమి కింద బొగ్గుంటే అటవీ అనుమతి, దానికి బదులు మొక్కలు, పోయే అడవికి విలువ కట్టి వేసే ఎన్‌పీవీ డబ్బు. ఇవన్నీ టన్ను ధరలో కలుస్తాయి. కలవాలి కూడా. కానీ పైసలు ఎటు పోతున్నాయో చూడండి. బొగ్గు మీద 14 శాతం రాయల్టీ, దాని మీద పాత లీజులకు 30 శాతం జిల్లా ఖనిజ నిధికి. గని చుట్టూ ఉన్న ఊళ్ల నీళ్లకు, వైద్యానికి పెట్టాలని ఆ నిధి. గోదావరిఖని సందుల్లో తిరిగి చూస్తే ఆ డబ్బు ఇక్కడే ఖర్చయిందని మీకు అనిపించదు.

ఇంకోటి. రాష్ట్రానికి సింగరేణిలో 51 శాతం, కేంద్రానికి 49. బొగ్గు బ్లాకులు మాత్రం వేలంలో. శ్రావణపల్లి బ్లాకును 2024 జూన్‌లో ఇక్కడే, హైదరాబాద్‌లోనే వేలానికి పెట్టారు. మా బాయిల నడుమ ఉన్న బ్లాకు కోసం మా కంపెనీయే పాట పాడాలా? పర్యావరణ నిబంధనల కంటే సింగరేణిని ఎక్కువ దెబ్బతీసేది ఇదేనని మా వాళ్లందరి మాట.

ఓయూ జియాలజీ | మంగళవారం, రాత్రి 9:05

అన్నా, చిన్న యాడ్. గోదావరి లోయ బొగ్గు గోండ్వానా కాలంది, పొరల్లోకి మట్టి బాగా కలిసి ఉంటుంది. బూడిద ఎక్కువ ఉండడానికి కారణం అదే. కడిగితే కొంత తగ్గుతుంది. దూరం తీసుకెళ్లే బొగ్గులో బూడిద 34 శాతం మించకూడదని 2014లో రూలు పెట్టి, 2020 మేలో ఎత్తేశారు. కాబట్టి ఎఫ్‌జీడీ మొదటి సడలింపు కాదు.

యురేనియం కూడా ఎవరైనా మాట్లాడాలి కదా? అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ హెడ్డాఫీసు మన బేగంపేటలో, ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ ఈసీఐఎల్ దగ్గర. ఖనిజం మాత్రం నల్లమలలో, లంబాపురం-పెద్దగట్టులో.

గ్రీన్‌బెంచ్ వకీలు | మంగళవారం, రాత్రి 9:20

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా 2019 సెప్టెంబర్‌లో అసెంబ్లీయే తీర్మానం చేసింది. అక్కడ రూలు కంటే జనం గొంతు ముందు పనిచేసింది. దాని మీద వేరే థ్రెడ్ పెట్టండి, ఇందులో కలిపితే తెగదు.

డాబా సోలార్ అక్క | బుధవారం, ఉదయం 6:50

అందరూ బొగ్గు గురించే. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో రూఫ్‌టాప్ సోలార్ బిగించే పని చేస్తాను, కాబట్టి నా గోడు కూడా వినండి.

కేంద్రం పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ. మూడు వందల చదరపు అడుగుల నీడ లేని డాబా చాలు. హైదరాబాద్ ఎండకు రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తుంది. ఇంతవరకు అందరూ తలూపుతారు. తర్వాత అడిగే ప్రశ్న ఒకటే: 'మాకు గృహజ్యోతి ఉంది కదా, మరి ఎందుకు?' ఆ పథకానికి అర్హత ఉండి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి బిల్లే సున్నా. సున్నా బిల్లు ఇంటికి ప్యానెల్ అమ్మడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. ఉచితం తప్పని అనను. కానీ ఆ ఇంటి డాబా మీదే ప్రభుత్వం ప్యానెల్ పెడితే సబ్సిడీ భారం దానికే తగ్గుతుంది కదా!

అపార్ట్‌మెంట్లలో ఇంకో తలనొప్పి. డాబా అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. పై అంతస్తు వాళ్లు లీకేజీ వస్తుందంటారు, కింది వాళ్లు మాకేం లాభం అంటారు. చివరికి లిఫ్టు, మోటారు నడిచే కామన్ మీటర్‌కు ఒప్పిస్తే గొప్ప.

రాష్ట్ర క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ 2025లో వచ్చింది. 2030 నాటికి ఇంకో 20 వేల మెగావాట్లు అన్నారు. రామగుండంలో రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటు 2022 నుంచి నడుస్తోంది. ఎండకు కొదవ లేదు మనకు.

విద్యుత్‌సౌధ రిటైర్డ్ | బుధవారం, ఉదయం 8:15

అమ్మా, మీ పని మంచిది, కాదనను. కానీ సోలార్ పగలు వస్తుంది. గ్రిడ్ నడిపేవాడి టెన్షన్ సాయంత్రం ఆరున్నరకు మొదలవుతుంది.

మన రాష్ట్రంలో పీక్, అంటే కరెంటు వాడకం అన్నిటికంటే ఎక్కువయ్యే సమయం, మే నెలలో వస్తుందని నగరంలో అనుకుంటారు. ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. యాసంగి వరికి లక్షల పంపుసెట్లు ఒక్కసారి తిరుగుతాయి, అదే సమయంలో ఏసీలు మొదలవుతాయి. 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. ఏసీ ఒక్కదాన్నే ఆడిపోసుకోవద్దు, పళ్లెంలో అన్నం కూడా ఉంది. పంపుసెట్ల లోడు పగటికి జరిపితే సోలార్‌తో చక్కగా కలుస్తుంది. రైతులకిచ్చే 24 గంటల ఉచితంలో ఆ పని ఎవరూ ముట్టుకోరు.

సోలార్ పెరిగే కొద్దీ మధ్యాహ్నం థర్మల్ యూనిట్లను 55 శాతానికి దించి, సాయంత్రం మళ్లీ లేపాలి. 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) రూలు పెట్టింది. పాత యూనిట్లకు ఇది చావు. ట్యూబులు పగులుతాయి, ఆయిల్ తాగుతాయి. అందుకే శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ లాంటివి మన దగ్గర బంగారం. శ్రీశైలంలో ఆరు 150 మెగావాట్ల యూనిట్లూ వెనక్కి తిరిగి నీళ్లు పైకి తోడగలవు. మిగులు కరెంటుతో తోడి, సాయంత్రం దించుకోవచ్చు. 2020 ఆగస్టులో అక్కడ మంటల్లో తొమ్మిది మందిని పోగొట్టుకున్నాం. ఆ కేంద్రం విలువ తెలిసినవాళ్లే వాళ్లు.

సూటిమాట | బుధవారం, ఉదయం 9:40

అయితే బొగ్గు తప్పదనే కదా తేలింది. తప్పనప్పుడు రూల్స్‌తో ఇంకా ఖరీదు చేయడం దేనికి?

బూడిద చెరువు | బుధవారం, ఉదయం 9:58

తప్పదు కాబట్టే సార్. నాలుగేళ్లలో మూసేసేదైతే ఓర్చుకుంటాం. పాలొంచలో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ స్టేషన్) 1960ల్లో మొదలై 720 మెగావాట్లకు పెరిగి, 2020 దాకా నడిచింది. దాని ఎనిమిది కూలింగ్ టవర్లు 2024 ఆగస్టులో కూల్చారు. అంటే అర్ధశతాబ్దం పైనే. ఇప్పుడు కట్టినవి 2050లోనూ ఉంటాయి. మా పిల్లలు కూడా దండెం మీద బట్టలు దులపాలా?

గ్రీన్‌బెంచ్ వకీలు | బుధవారం, ఉదయం 11:30

జూలై 11 నోటిఫికేషన్‌లో నాకు నచ్చనిది కేటగిరీల గీత. ఏ కేటగిరీ అంటే ఢిల్లీ ప్రాంతానికో, పది లక్షలు దాటిన నగరానికో 10 కిలోమీటర్ల లోపు ఉన్న ప్లాంటు. వాటికి 2027 డిసెంబర్ గడువు అలాగే ఉంది. జనాభా 2011 లెక్కల ప్రకారం. తెలంగాణలో ఆ లెక్కకు వచ్చే నగరం హైదరాబాద్ ఒక్కటే. హైదరాబాద్‌కు 10 కిలోమీటర్లలో బొగ్గు ప్లాంటు ఒక్కటీ లేదు. అంటే నగరాల లెక్కన ఏ కేటగిరీలోకి వచ్చే ప్లాంటు మన రాష్ట్రంలో లేదు.

సల్ఫర్ తక్కువ కాబట్టి అక్కర్లేదన్న ఇంజినీరు గారి వాదన సైన్సు మీద నిలబడేదైతే నగరం పక్కన కూడా అక్కర్లేదు. అక్కడ కావాలంటే పల్లె పక్కన కూడా కావాలి. ఊపిరితిత్తులకు పిన్‌కోడ్ ఉంటుందా? పైగా ఎత్తైన చిమ్నీ నుంచి వెళ్లిన సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సన్నని సల్ఫేట్ ధూళిగా మారి వందల కిలోమీటర్లు పోతుంది. చిమ్నీ ఎత్తు చాలు అంటే దగ్గరివాడి మీద పడేది దూరంవాడి మీద పడుతుందని అర్థం.

విద్యుత్‌సౌధ రిటైర్డ్ | బుధవారం, మధ్యాహ్నం 12:10

10 కిలోమీటర్ల గీతకు సమర్థన నా దగ్గర లేదు. కానీ సల్ఫేట్ ధూళి మన దగ్గర ఎంత అన్నదాని మీద ఐఐటీ ఢిల్లీ, నీరి లాంటి సంస్థల అధ్యయనాలు తక్కువే అన్నాయి, కేంద్రం వాటినే చూపింది. ఎక్కువన్న వాళ్లూ ఉన్నారు. ఎఫ్‌జీడీ కూడా కరెంటు తింటుంది, నీళ్లు తాగుతుంది, సున్నపురాయి క్వారీలు కావాలి, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నేను మారను.

గ్రీన్‌బెంచ్ వకీలు | బుధవారం, మధ్యాహ్నం 12:18

నేనూ మారను సార్. బూడిద దగ్గర మాత్రం ఇద్దరం ఒకే వైపు.

బొగ్గుబాయి బిడ్డ | బుధవారం, మధ్యాహ్నం 12:45

హైదరాబాద్ పక్కన బొగ్గు ప్లాంటు లేదన్నారు కదా, ఒకప్పుడు ఉండేది! నిజాం కాలంలో 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డునే థర్మల్ స్టేషన్ పెట్టారు. 1995లో పూర్తిగా తీసేశారు. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న వైపు. అప్పుడు సింగరేణి బొగ్గు రైలెక్కి సిటీకి వచ్చేది, పొగ కూడా సిటీదే. ఇప్పుడు తీగల మీద కరెంటు ఒక్కటే వస్తోంది.

మూసాపేట మీటరు | బుధవారం, రాత్రి 9:02

పంతులు గారి లెక్క మా గ్రూపులో వేశాను. ఆ పెద్దాయన 'అయితే నేను ఎవరిని అడగాలి' అన్నాడు. నాకూ అదే ప్రశ్న. బిల్లులో ఏ ఖర్చు ఎందుకు పడుతుందో మామూలు మనిషి అడగడానికి చోటేదైనా ఉందా?

గ్రీన్‌బెంచ్ వకీలు | బుధవారం, రాత్రి 9:35

ఉంది. ఏటా డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, తమ ఆదాయ అవసరాల ప్రతిపాదనను విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ) ముందు పెట్టాలి. మామూలుగా నవంబర్ నెలాఖరు గడువు. తర్వాత పేపర్లలో ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ పెడతారు. ఎవరైనా రాయొచ్చు, తెలుగులో రాయొచ్చు, వకీలు అక్కర్లేదు. ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే పరిశ్రమల సంఘాలు మంచి లెక్కలతో వస్తాయి, రైతు సంఘాలు వస్తాయి, అపార్ట్‌మెంట్ల నుంచి పెద్దగా ఎవరూ రారు.

మీరు అడగాల్సింది సూటిగా: కొనే ప్రతి థర్మల్ ప్లాంటుకూ యూనిట్‌కు బొగ్గు ఎంత, బూడిదలో ఎంత వాడారు, అమ్మిన బూడిద డబ్బు ఎక్కడ చూపారు, వాడనందుకు పరిహారం పడితే దాన్ని వినియోగదారుడి మీద వేశారా, కంపెనీయే భరించిందా. చివరిది తప్పకుండా అడగండి. తప్పు చేసినందుకు పడ్డ డబ్బు టారిఫ్‌లో కలిపితే కట్టేది మీరే.

విద్యుత్‌సౌధ రిటైర్డ్ | బుధవారం, రాత్రి 9:50

ఇంకొకటి చేర్చండి. ఫిక్స్‌డ్ చార్జీలు. ప్లాంటు తయారుగా ఉండి మనం కరెంటు తీసుకోకపోయినా అవి కట్టాలి. సోలార్ పెరిగే కొద్దీ ఆ భారం యూనిట్ మీద పెరుగుతుంది. ఏ ప్లాంటుకు ఎంత కట్టి, ఎన్ని యూనిట్లు తీసుకున్నారో పట్టిక అడగండి. ప్రతిపాదనల్లోనే ఉంటుంది, వెతికి చూసేవాడు కావాలి.

బూడిద చెరువు | బుధవారం, రాత్రి 10:04

బూడిద ప్రశ్న పెట్టేటప్పుడు నన్నూ పిలవండి. ఈసారి షామియానా కాదు కదా, మైక్ పనిచేస్తుందేమో.

మూసాపేట మీటరు | బుధవారం, రాత్రి 10:11

సరే, ఆదివారం మా సొసైటీ మీటింగ్‌లో పెడతాను. అభ్యంతరం పత్రంలో ఏ నంబర్ రాయాలి? బిల్లు మీద రెండు నంబర్లున్నాయి, ఒకటి సర్వీస్ నంబర్, ఇంకోటి యూఎస్‌సీ.

గ్రీన్‌బెంచ్ వకీలు | బుధవారం, రాత్రి 10:16

రెండూ రాసేయండి. సొసైటీ తరఫున ఇస్తుంటే కామన్ మీటర్‌ది రాయండి, అధ్యక్షుడితో సంతకం చేయించండి. విచారణలో స్వయంగా మాట్లాడాలనుకుంటే ఆ మాట కూడా పత్రంలోనే రాయాలి, లేకపోతే పిలవరు.

సూటిమాట | బుధవారం, రాత్రి 10:25

మా బాబాయి షెడ్డు హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్. ఆయన కూడా వేయొచ్చా?

గ్రీన్‌బెంచ్ వకీలు | బుధవారం, రాత్రి 10:27

నిక్షేపంగా. 2014 డీజిల్ బిల్లులు మాత్రం జత చేయొద్దనండి.